నేల నేర్చుకున్న చేపమ్మ

కొండదారి సగం ఎక్కాక బస్సు ఒక్క దగ్గు దగ్గి, ముక్కులోంచి ఆవిరి వదిలి, ఇక నావల్ల కాదన్నట్టు రోడ్డు వారగా ఒరిగి నిలబడిపోయింది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, మళ్లీ మూసేశాడు. ఆ మూయడంలోనే తెలిసిపోయింది, ఇది ఇప్పట్లో తేలే వ్యవహారం కాదని.

"రేడియేటర్ పైపు పగిలింది. కిందనుంచి మెకానిక్ రావాలి. అందరూ కాస్త ఓపిక పట్టండి," అన్నాడు.

ఓపిక పట్టడానికి ప్రయాణికులు తలా ఒక నీడ చూసుకున్నారు. కళ్లజోళ్లాయన మాత్రం సీట్లోంచి కదల్లేదు. ఊళ్లు తిరగడమే ఆయన బతుకు. తోలుపెట్టె నిండా చదువుకునే కళ్లజోళ్లు పెట్టుకుని, సంత ఎక్కడుంటే అక్కడ వాలిపోయి, గొడుగు కింద కూర్చుని అమ్ముతాడు. జోడు కుదిరిందో లేదో చూసుకోవడానికి కొనేవాళ్ల చేతికి ఏదో ఒక అచ్చుకాగితం ఇవ్వాలి కదా. అందుకని పాత పుస్తకాల్లోంచి ఊడిన పేజీల కట్ట ఒకటి దగ్గర ఉంచుకుంటాడు. బేరం లేనప్పుడు ఆ పేజీలు తనే చదువుతాడు. ఆ రకంగా తిమింగలాల గురించి, తోకచుక్కల గురించి, తేనెటీగల కాపురాల గురించి ఆయనకు బోలెడు తెలుసు. కాకపోతే దేనికీ మొదలు తెలియదు, చివర తెలియదు. ఒక రాజు శత్రువులు తరుముకొస్తుంటే కోటగోడ ఎక్కి, కింద అగడ్తలోకి చూస్తుండగా పేజీ అయిపోయింది. ఆ రాజు దూకాడో లేదోనని ఆయన ఏళ్ల తరబడి మథనపడుతున్నాడు.

అప్పుడు వెనక సీట్లోంచి ఒకావిడ దిగింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఇంటి తలుపంత వెడల్పు భుజాలు. ఒంటి మీద దళసరి గుడ్డతో కుట్టిన చేతుల్లేని కోటు, కోటు నిండా జేబులు, జేబుల్లో ఏవో గుండ్రటి బిళ్లలు. ఆవిడ అడుగు వేస్తే ఆ బిళ్లలు డబడబమన్నాయి.

"పై ఊరు ఇంకెంత దూరం నాయనా?"

"నడిచే దూరం కాదు పిన్నిగారూ," అన్నాడు డ్రైవరు.

"అది నడిచాక నేను చెప్తాగానీ, ఎంతో చెప్పు."

"మలుపులు తిరిగి, వంతెన దాటితే ఊరే. కానీ మంచి ఎండలో పోతారు."

"ఎండే కదా నాకు కావలసింది!" అని ఆవిడ ఎంత గట్టిగా అందంటే, నీడలో కునుకు తీస్తున్నాయన ఉలిక్కిపడి లేచి తన సంచీ ఉందో లేదో తడుముకున్నాడు. ఆవిడ గొంతే అంత. పెద్ద హాల్లో, వందమంది అరుపుల మధ్య మాట్లాడి మాట్లాడి స్థిరపడిపోయిన గొంతు.

అటూ ఇటూ చూసి, కిటికీలోంచి కళ్లజోళ్లాయన్ని పట్టుకుంది.

"అన్నయ్యగారూ, మీరూ ఆ ఊరేనా?"

"అవునమ్మా. సంత ఉంది."

"ఇక్కడే కూర్చుంటే సంత లేచిపోతుంది. రండి, కబుర్లు చెప్పుకుంటూ పోదాం. ఒక్కదాన్నే అయితే నాలో నేను మాట్లాడుకుంటాను, ఎదురొచ్చేవాళ్లు జడుసుకుంటున్నారు."

"నావల్ల ఎక్కడవుతుందమ్మా? మోకాళ్లు, ఆయాసం, పైగా ఈ పెట్టె..."

"ఏదీ, ఇటివ్వండి." కిటికీలోంచి చెయ్యి చాచి పెట్టె లాక్కుని, దాని బరువు చూసి, "బాగుంది, బాగుంది, దివ్యంగా ఉంది," అని మురిసిపోయి, వెనక్కి చూడకుండా కొండ ఎక్కడం మొదలుపెట్టింది.

బతుకుతెరువంతా ఆ పెట్టెలోనే ఉంది. కళ్లజోళ్లాయన గబగబా బస్సు దిగి వెంటపడక తప్పలేదు. నీడలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు, అప్పటికింకా.

"అంత తొందరేమిటమ్మా?" అన్నాడు, ఎలాగో కలుసుకుని.

"ఆ ఊరి ఆసుపత్రికి ఇవాళ ఎముకలు చూసే యంత్రం వస్తుంది. వ్యాన్లో తెస్తారు. భోజనాల వేళకి సర్దుకుని ఇంకో ఊరు పోతారు. మళ్లీ ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదు. ఇవాళ నా ఎముకలు బాగున్నాయని తేలితే నా కొలను నాకొస్తుంది. తేలకపోతే కొత్త టీచరమ్మకి ఇచ్చేస్తాడు మా మేనేజరు. ఎల్లుండే పిల్లల సెలవుల క్లాసులు మొదలు."

"కొలను ఏమిటి?"

"ఈతకొలను. నేను ఈత నేర్పుతాను. పిల్లలు చేపమ్మ అంటారు. పేరు పెట్టి పిలిస్తే నేనే పలకను."

అలా మొదలైంది చేపమ్మ కథ. అది తిన్నగా సాగే కథ కాదు. రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా అదీ తిరిగింది.

వాళ్ల నాన్న ఆ ఈతకొలను కాపలాదారు. పంపుల గది పక్కన ఒంటిగదిలో కాపురం. చేపమ్మ పుట్టింది అక్కడే. నడక కన్నా ముందు ఈతే వచ్చింది. తోటిపిల్లలంతా పరుగులు పెడుతుంటే ఈవిడ ఇంకా గోడ పట్టుకుని నిలబడేదట. వాళ్లమ్మ బెంగపడితే, "దీనికి నేలతో పనేముంది, వదిలెయ్," అన్నాడట నాన్న. ఆ మాట బాగా ఒంటబట్టింది. పెద్దయ్యాక అదే కొలనులో టీచరైంది. తెల్లవారకముందే నీళ్లలో దిగితే చీకటి పడ్డాకే ఒడ్డెక్కడం. పైన రేకుల కప్పు, చుట్టూ గోడలు. ఎండ ఎలా ఉంటుందో క్యాలెండర్లో చూడడమే.

"మరి మీ ఆయన?"

"మంగలిషాపు. నా దగ్గర ఈత నేర్చుకోడానికి వచ్చాడు. గట్టు మీద కూర్చుని కాళ్లు ముంచి, నన్ను చూస్తూ కూర్చున్నాడు, అంతే. పెళ్లయింది, పిల్ల పుట్టింది, ఆ పిల్లకి పెళ్లయింది. ఆయనకింకా ఈత రాలేదు. బకెట్లో నీళ్లు ఎక్కువుంటే స్నానానికి కూడా జంకుతాడు."

కళ్లజోళ్లాయనకు నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి ఆడలేదు. నడుము మీద చెయ్యి వేసుకుని ఆగాడు. చేపమ్మ కూడా ఆగి, ఆ ఆగిన కాస్తలోనే మడమలు పైకెత్తి నేల మీద టపటపా దించడం మొదలెట్టింది.

"అదేమిటి? కోపం వచ్చిందా?"

"మందు వేసుకుంటున్నాను. ఇలా దించితే ఎముకకి కబురెళ్తుందట, 'ఒసే, మన మీద ఇంకా పని ఉంది, గట్టిగా ఉండు' అని. నీళ్లలో ఆ కబురు వెళ్లదు. ముప్పొద్దులా ఈదేదాన్నా, నా గుండె విన్న డాక్టరు ఇది పడుచుపిల్ల గుండె అన్నాడు. ఊపిరితిత్తులు చూసినాయన తన విద్యార్థులందర్నీ పిలిచి చూపించాడు. నేను ఎగిరిపోయాను. మెట్లెక్కి ఆయాసపడేవాళ్లని చూస్తే నాకు జాలి. గట్టు మీద అటూ ఇటూ తిరగడానికి కూడా చక్రాల స్టూలు చేయించుకున్నాను తెలుసా? నీళ్లలో రాణిని, నేల మీద నడవడం నాకు చిన్నతనం!"

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది? ఒక పిల్లాడు తడిగచ్చు మీద పరిగెడుతున్నాడు. 'ఒరేయ్, పరిగెత్తకు, జారిపడతావ్!' అని అరుస్తూ నేను పరిగెత్తాను. వాడు పళ్లేదు."

పడుతూ చెయ్యి ఆనించింది. మణికట్టు బిస్కెట్‌లా పుటుక్కుమంది. మంచం మీదనుంచి పడ్డ పిల్లాడి చెయ్యి కూడా అలా విరగదు అన్నారట ఆసుపత్రిలో. అంత ఈత ఈదిన మనిషి ఎముకలు బోలుగా ఉన్నాయని తేలేసరికి మేనేజరు హడలిపోయి, చేపమ్మని నీళ్లలోంచి తీసి టిక్కెట్ల కిటికీ వెనక కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏడాది కింది మాట. గాజు అద్దానికి అవతల పిల్లలు దూకుతుంటే, ఇవతల ఈవిడ టిక్కెట్లు చింపుతూ కూర్చుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రమే చేపమ్మ గొంతు మామూలు మనిషి గొంతంత అయింది.

ఇక్కడ కళ్లజోళ్లాయనకు తన పేజీ ఒకటి గుర్తొచ్చింది. గుర్తొస్తే చెప్పకుండా ఉండలేడు.

"పక్షుల ఎముకలు లోపల గుల్లగా ఉంటాయట, ఎగరాలి కదా. తిమింగలానికేమో స్పాంజిలా, నూనె కారుతూ ఉంటాయట. నీళ్లు మోస్తున్నంతసేపూ దానికి ఫరవాలేదు. ఒడ్డున పడిందంటే పాపం తన బరువు కింద తానే నలిగిపోతుంది."

"నన్ను తిమింగలమంటున్నారా అన్నయ్యగారూ?"

"అయ్యయ్యో! నా ఉద్దేశం అది కాదు..."

"అన్నా తప్పులేదు లెండి. మా డాక్టరమ్మ కూడా ఇంచుమించు అదే అంది."

పై ఊరి ఆసుపత్రిలో ఉండే ఆ డాక్టరమ్మ ఒకప్పుడు చేపమ్మ దగ్గర ఈత నేర్చుకున్న పిల్లే. నేర్చుకున్నది అనడం కంటే ఏడ్చింది అనడం సబబు. రెండు చేతులతో గట్టు పట్టుకుని, కొలను నీళ్లకి తన కన్నీళ్లు కూడా కలిపిన పిల్ల. 'గట్టు వదలవే, నీళ్లు నిన్ను మోస్తాయి' అని చేపమ్మ అరిచి అరిచి చివరికి వేళ్లు ఒక్కొక్కటే విప్పిందట. ఇప్పుడా గట్టుపిల్ల తెల్లకోటు వేసుకుని, చేపమ్మ ఎదురుగా కూర్చుని, "టీచర్, ఇక నీళ్లు వదలండి. నేల మిమ్మల్ని మోస్తుంది," అంది.

"పగ తీర్చుకుంది," అన్నాడు కళ్లజోళ్లాయన.

"అక్షరాలా! ముఖంలో ఆనందం దాచుకోడానికి కూడా ప్రయత్నించలేదు."

అప్పుడే చేపమ్మ జేబులో ఫోను మోగింది. కూతురు.

"అమ్మా, బస్సెక్కావా?"

"ఎక్కానే." అది నిజమే.

"ఎక్కడిదాకా వచ్చావు?"

"దారిలో ఉన్నా."

"ఆ రొప్పు ఏంటమ్మా? నడుస్తున్నావా?"

"రొప్పేది నేను కాదే, పక్కనొకాయన."

"పక్కనెవరు? అమ్మా! అమ్మా!"

"సిగ్నల్ పోతోంది," అని చేపమ్మ ఫోను కట్టేసింది. "దాని భయం దానిది. నేను పడిపోతానని ఇంట్లో చాపలన్నీ తీసేసింది, బాత్రూములో గోడకి కడ్డీలు పెట్టించింది. అవన్నీ మంచివే. కానీ మంచం దిగొద్దంటే ఎలా? పడతానని భయపడి కదలకపోతే కండ పోతుంది, కండ పోతే నిలకడ పోతుంది, నిలకడ పోతే ఇంకేముంది, పడనే పడతాం. దానికోసం ఇంత చాకిరీ ఎందుకు, ఇప్పుడే పడితే పోలా?"

కళ్లజోళ్లాయన ఇక అడుగు వెయ్యలేక దారిపక్క రాతికట్ట మీద కూలబడ్డాడు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. ఆయన ముఖం కాగితంలా పాలిపోయింది.

"వయసమ్మా. ఏం చేస్తాం? ముందు ఇంత ఆయాసం లేదు. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది కూడా."

చేపమ్మ ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసింది, కొత్తగా చేరిన పిల్లని చూసినట్టు.

"మీ చొక్కా ముందు కిందికి, వెనక పైకి ఎందుకుంది?"

"కుట్టేవాడి నిర్వాకం. ఈ మధ్య బట్టలు కుట్టడం ఎవడికీ చేతకావడం లేదు. ప్యాంట్లు కూడా చూడండి, అన్నీ పొడుగ్గా కుట్టేస్తున్నారు. నాలుగు మడతలు పెట్టకపోతే నేల ఊడుస్తున్నాయి. బస్సుల్లో సామాను పెట్టుకునే అరలైతే ఎక్కడో ఆకాశంలో పెడుతున్నారు."

చేపమ్మ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం అదే మొదటిసారి కాబట్టి కళ్లజోళ్లాయన తలెత్తి చూశాడు. ఆవిడ ఆయన ప్యాంటు మడతల్నే చూస్తోంది. ఆయనా చూశాడు. లోకంలో ఉన్న దర్జీలందరూ కూడబలుక్కుని పొడుగు ప్యాంట్లు ఎందుకు కుడతారన్న ప్రశ్న, ఇన్నేళ్లకి, ఆ రాతికట్ట మీద ఆయనకు తట్టింది.

"అంటే నేనే..."

"కొంచెం తగ్గారేమో. నాకేం తెలుసు, చూపించుకుంటే వాళ్లు చెప్తారు. మా డాక్టరమ్మ చెప్పింది మాత్రం చెప్తా. వెన్నుపూసలు గుల్లబారితే తెలియకుండానే కుంగుతాయట. వెన్ను వంగితే లోపల గది ఇరుకవుతుంది. ఊపిరితిత్తులు మోచేతులు చాపుకోలేవు, పొట్ట కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. ఆయాసమూ అందుకే కావచ్చు, నాలుగు ముద్దలూ అందుకే కావచ్చు. ఊపిరికి వేరే కారణం కూడా ఉండొచ్చు, గుండె కూడా చూపించుకోవాలి. అన్నీ వయసు మీదకి తోసేస్తే ఎలా? పాపం వయసుకి నోరు లేదని!"

కళ్లజోళ్లాయన గుండె గుభేలుమంది. కానీ గుభేలుమన్న మనిషిని ఊరికే కూర్చోనిచ్చే రకం కాదు చేపమ్మ. మాటల్లో పెట్టి లేవదీసింది. ఎముకంటే ఇంటికి వేసిన ఇనుపచువ్వ అనుకున్నదట తను. కాదట. అది బతికున్న సరుకు. రోజూ కొంత కూల్చుకుంటూ, కొంత కట్టుకుంటూ ఉంటుంది. వయసులో ఉండగా కట్టే మేస్త్రీలు ఎక్కువ. పోనుపోనూ ఆ మేస్త్రీలు సెలవులు పెడతారు, కూల్చేవాళ్లు మాత్రం ఒక్కరోజు నాగా పెట్టరు. ఆడవాళ్లలో నెలసరి ఆగాక అయితే మరీ.

"గుండె కొట్టుకోవాలన్నా, కండ బిగియాలన్నా, నరంలో కబురు నడవాలన్నా రక్తంలో క్యాల్షియం ఉండాలట. తిండిలో సరిపోను రాకపోతే ఎముకలోంచి లాక్కుంటారు. ఎముక ఇంటి పెద్దకోడలు లాంటిది. అందరూ దాన్ని అడిగేవాళ్లే, 'నువ్వు తిన్నావా' అని అడిగేవాడు లేడు. లోపల మూలుగలో రక్తం పుట్టించాలి, బయట కండల్ని మొయ్యాలి. చర్మం ఎండలో విటమిన్ చేస్తే, లివరూ కిడ్నీలూ దాన్ని పనికొచ్చేలా తయారుచేస్తే, అప్పుడు పేగు క్యాల్షియం పుచ్చుకుంటుంది. ఒక్కళ్లు అలిగినా పని ఆగిపోతుంది. ఎముక తనూ ఒక రసం వదులుతుందట, అది చక్కెర మీదా కండ మీదా పనిచేస్తుందేమో అంటున్నారు. ఇంకా పూర్తిగా తేల్లేదు, ఎలకల్లో ఎక్కువ చూశారు అంది డాక్టరమ్మ. నేను ఎలకని కాదు కదే అన్నాను. 'మీరు చేప కూడా కాదు టీచర్,' అంది!"

ఈ నవ్వులో ఇంకో మలుపు గడిచింది. వారానికొకసారి పరగడుపున వేసుకునే మాత్ర గురించి కూడా చెప్పింది చేపమ్మ. అది వేసుకున్నాక కాసేపు పడుకోకూడదు, వంగకూడదు. ఆ కాసేపూ ఈవిడ వంటింట్లో జెండాకర్రలా నిలబడితే, మంగలాయన ఎదురుగా నిలబడి సెల్యూట్ చేస్తాడట. కోటు జేబుల్లో బిళ్లలు కొలను అడుగున వేసి పిల్లల చేత మునిగి తీయించేవి. డాక్టరమ్మని అడిగి, ఎముకల మీద బరువు పడేలా ఒక్కొక్కటే పెంచుకుంటూ వచ్చింది. మొదట్లో మెట్లెక్కాలంటే వేళ్లతో గోడ తడుముకునేదట, గట్టు పట్టుకున్న పిల్లలాగే.

మలుపు దాటాక వంతెన కనిపించింది, కానీ బాగా దూరంగా. కళ్లజోళ్లాయన పక్కనున్న మైలురాయి పట్టుకుని ఆగాడు.

"మీరు వెళ్లిపోండమ్మా. మీకు పొద్దు మించిపోతోంది. పెట్టె ఆసుపత్రిలో ఎవరికైనా ఇచ్చి ఉంచండి, నేను మెల్లగా వస్తా."

"నీళ్ల మధ్యలో మనిషిని వదిలేసి నేనెప్పుడూ గట్టెక్కలేదు."

"ఇది రోడ్డు కదమ్మా!"

"మీ ముఖం చూస్తే నాకు నీళ్లలాగే ఉంది."

వెనకనుంచి పాలవ్యాను వచ్చింది. చేపమ్మ రోడ్డు మధ్యకి వెళ్లి, ట్రాఫిక్ పోలీసులా రెండు చేతులూ చాచింది. వ్యాను కీచుమని ఆగింది.

"ఒక్కరికే చోటుంది అమ్మమ్మా. ముందు సీటే. వెనకంతా క్యాన్లు," అన్నాడు వ్యాను కుర్రవాడు.

ఎక్కితే చేపమ్మ వేళకి చేరిపోతుంది. కళ్లజోళ్లాయన ఆ మాటే అనబోయాడు. అనేలోపే చేపమ్మ ఆయన్ని చంకల కింద పట్టి, తడిసిన పిల్లని గట్టెక్కించినంత సులువుగా సీట్లో కూర్చోబెట్టి, ఒళ్లో పెట్టె పెట్టేసింది.

"మీరు ఈ ఎండలో ఒక్కరే ఉంటే పడిపోతారు. నేను పడను. నాకోసం ఒక్క పని చెయ్యండి. ఆ యంత్రం వాళ్లు సర్దుకోబోతే మాటల్లో పెట్టండి. మీకు తిమింగలాలు తెలుసు కదా!"

వ్యాను కదిలింది. అద్దంలోంచి చూస్తే, చేపమ్మ కొండ ఎక్కుతూ, ఎక్కుతూ, చిన్నదైపోతోంది. ఆవిడ బతుకులో పెద్ద ప్రశ్నకి జవాబు ఇప్పుడు తన నోటి చలవ మీద ఆధారపడిందని తలుచుకుంటే కళ్లజోళ్లాయన ఆయాసం కూడా మర్చిపోయాడు.

ఆసుపత్రి చేరేసరికి యంత్రమాయన నిజంగానే తీగలు చుట్టేస్తున్నాడు. భోజనం డబ్బా అప్పుడే బల్ల మీదకు వచ్చింది.

"అయ్యా, ఇంకొకావిడ వస్తున్నారు. దారిలో ఉన్నారు. నడిచి వస్తున్నారు."

"నడిచా? ఎముకలు బాగాలేని మనిషి కొండ నడిచి వస్తోందా? అయితే ఆవిడకి పరీక్ష ఎందుకు?" అని యంత్రమాయన తీగ చుట్టడం మానలేదు.

కళ్లజోళ్లాయన తన పేజీల్లోకి దిగాడు. తిమింగలం మొదలుపెడితే, "మా అబ్బాయి టీవీలో చూశాడు," అన్నాడు యంత్రమాయన. తోకచుక్కకి ఆవలించాడు. అప్పుడు చీటీ మీద అక్షరాల కోసం అతను కళ్లు చిట్లిస్తున్నాడని కళ్లజోళ్లాయన పసిగట్టాడు. అలవాటైన చేతులు వాటంతటవే పెట్టె తెరిచాయి. ముక్కు మీద ఒక జోడు పెట్టి, చేతికి ఒక పేజీ ఇచ్చాడు.

యంత్రమాయన చదవడం మొదలుపెట్టాడు. ఇంకో జోడు, ఇంకో పేజీ. కుర్చీ లాక్కున్నాడు. శత్రువులు తరిమారు, రాజు గుర్రం దిగాడు, మెట్లెక్కాడు, కోటగోడ అంచుకి చేరాడు, కిందికి చూశాడు...

"తర్వాత? తర్వాతి పేజీ ఏది?"

"మీరు ఏమంటారు? దూకి ఉంటాడంటారా?"

"దూకకపోతే రాజెలా అవుతాడు!"

"మరి కిందున్నది ఎండిపోయిన అగడ్త అయితే?"

"నీళ్లున్నాయని ఇక్కడ లేదే!"

"లేవని కూడా లేదు కదా."

యంత్రమాయన మళ్లీ మొదటినుంచి చదివాడు. నర్సుని పిలిచి అడిగాడు. నర్సు దూకి ఉండడంది. మందులిచ్చే ఆయన వచ్చి, రాజుకి ఈత వచ్చా రాదా అన్నది ముందు తేల్చమన్నాడు. భోజనం డబ్బా మూత తీయకుండానే ఉంది. ఈ వాదన మధ్యలో బయట మెట్ల మీద డబడబమని చప్పుడైంది.

"ఈత రానివాడు దూకకూడదు! ఎవరు దూకుతున్నారు?" అంటూ చేపమ్మ లోపలికొచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది, చెమటలు కారుతున్నాయి, ఊపిరి మాత్రం గడియారంలా నడుస్తోంది.

డాక్టరమ్మ వెనకనుంచి వచ్చి, "నడిచి వచ్చారా టీచర్? ఈ ఎండలో? మిమ్మల్ని ఏమనాలో నాకు తెలీడం లేదు," అని కోప్పడి, ముందు కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. యంత్రమాయన చుట్టిన తీగలు మళ్లీ విప్పాడు.

బిళ్లల కోటు విప్పి, యంత్రం కింద బల్ల మీద పడుకోబెట్టారు. "ఇంత నడిపించి చివరికి పడుకోమంటారా?" అని చేపమ్మ గొణిగింది. "కదలకండి, మాట్లాడకండి," అన్నాడు యంత్రమాయన. కదలకుండా ఉండడం ఆవిడకి సులువే, రెండోదే కష్టం. తలుపు బయట కళ్లజోళ్లాయన గోళ్లు కొరుక్కున్నాడు. తెల్లారి బస్సెక్కినప్పుడు ఆ మనిషెవరో తనకి తెలియదు. ఇప్పుడు ఆవిడ తుంటి ఎముక కోసం తను దేవుళ్లకి మొక్కుకుంటున్నాడు.

డాక్టరమ్మ తెర మీద పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"తుంటి పెరగలేదు టీచర్."

చేపమ్మ భుజాలు ఒక్కసారి దిగిపోయాయి.

"తగ్గలేదు కూడా. మీ వయసులో ఊరికే కూర్చుంటే తగ్గాలి. వెన్ను మాత్రం కాస్త పుంజుకుంది. మందులు మానకూడదు, తిండీ నడకా మానకూడదు. నీళ్లలోకి దిగొచ్చు. సగం పూటే. మిగతా సగం గట్టు మీద నిలబడి నేర్పాలి. కుర్చీ లేదు, చక్రాల స్టూలు అసలు లేదు."

"మేనేజరు ఒప్పుకోడే! సగం టీచర్ని ఏం చేసుకోను అంటాడు."

డాక్టరమ్మ ఫోను తీసింది. అవతల మేనేజరు గొంతు గదంతా వినిపించింది.

"డాక్టరుగారూ, కొత్తమ్మాయికి మాటిచ్చేశానండీ."

"ఆవిడ నీళ్లలో చూసుకుంటారు, టీచరు గట్టు మీద పిల్లల చేత ముందు గెంతులు వేయిస్తారు. ఎదిగే పిల్లల ఎముకలకి అది చాలా అవసరం. తర్వాత ఇద్దరూ దిగుతారు. టీచరు దిగడానికి నా అభ్యంతరం లేదు, బాధ్యత నాది."

అవతల ఫోన్లో పిల్లల గోల, ఎవరో ఈల ఊదుతున్నారు, ఎవరూ వినడం లేదు.

"నిజం చెప్పాలంటే," అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి, "ఈ కొత్తమ్మాయి మెల్లగా మాట్లాడుతుందండీ. ఒక్క వెధవా లెక్కచెయ్యడం లేదు. ఎల్లుండి దాకా ఎందుకు, సాయంత్రమే రాగలరేమో అడగండి."

చేపమ్మ అప్పటికే కోటు తొడుక్కుంటోంది. కళ్లజోళ్లాయన ముఖం చాటంత చేసుకుని ఏదో అనబోయాడు, కానీ డాక్టరమ్మ చూపు ఆయన ప్యాంటు మడతల మీద పడింది.

"మీరెవరు పెద్దాయనా? ఒకసారి ఇలా రండి. చెప్పులు విప్పి ఆ గోడకి ఆనుకోండి. మడమలు ఆనించండి. ఎప్పుడైనా ఎత్తు చూపించుకున్నారా?"

"పెళ్లిచూపుల్లో చెప్పానమ్మా. మళ్లీ అవసరం పడలేదు."

నర్సు నవ్వుకుంటూ చెక్కపలక దించి ఆయన నెత్తి మీద ఆనించింది. "ఎంత చెప్పారేమిటి అప్పుడు?" ఆయన చెప్పాడు. నర్సు గోడ మీద అంకె చూసి డాక్టరమ్మని చూసింది. డాక్టరమ్మ, "భయపడకండి, యంత్రం ఇంకా ఇక్కడే ఉంది. గుండె, ఊపిరి కూడా చూద్దాం. అన్నిటికీ దారులున్నాయి," అంది. అవతలి గదిలో యంత్రమాయన భోజనం డబ్బా పక్కకి నెట్టి, "రాజుగారి సంగతి తేల్చేదాకా నేనెక్కడికీ పోను," అని అరిచాడు.

కిటికీలోంచి కింద రోడ్డు కనిపిస్తోంది. బాగుపడ్డ బస్సు ఊళ్లోకి వచ్చి, తిరిగి కిందికి పోవడానికి మొహం తిప్పుకుని హారన్ కొడుతోంది. చేపమ్మ మెట్లు దిగి, ఆవరణ దాటి పోతోంది. కళ్లజోళ్లాయన పిలుద్దామని నోరు తెరిచాడు.

"కదలకండి," అంది నర్సు, తల మీద పలక నొక్కి.

ఆయన కదల్లేదు. నిటారుగా, గోడకి అంటుకుని, చూపు మాత్రం అటే తిప్పాడు. బస్సు దగ్గర డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. చేపమ్మ అతనికేదో చెప్పి, చెయ్యి ఊపి, బస్సుని దాటేసి, భుజాలు విరుచుకుని మలుపు వైపు నడిచిపోయింది.